ఎర్త్ అవర్‌కి లైటు ఆర్పలేదని గ్రూపులో ఫొటో పెట్టారు. ఇంతకీ ఆ గంటతో ఏమవుతుంది?

#1 చిట్టిగువ్వ
శనివారం రాత్రి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెద్ద రచ్చ. ఎర్త్ అవర్ కదా, 8:30 నుంచి 9:30 దాకా అందరూ లైట్లు ఆర్పాలని అసోసియేషన్ వాళ్ళు మెసేజ్ పెట్టారు. మా పాపకి సోమవారం పరీక్ష. హాల్లో, వంటింట్లో ఆర్పేసి తన గదిలో లైటు మాత్రం ఉంచాను. కాసేపటికి ఎవరో కిందికి దిగి బిల్డింగ్ ఫొటో తీశారు. వెలుగుతున్న కిటికీలకి ఎర్ర గుండ్రాలు చుట్టి, ఫ్లాట్ నంబర్లు రాసి మరీ గ్రూపులో పెట్టారు. "వీళ్ళకి భూమి అక్కర్లేదు కాబోలు" అని కింద వ్యాఖ్య, దానికి బోలెడన్ని చప్పట్లు.

అదే ఫొటోలో గేటు దగ్గర ఫ్లడ్‌లైట్ ధగధగలాడిపోతోంది. దానికి మాత్రం ఎవరూ గుండ్రం చుట్టలేదు!

నేను దీనికి వ్యతిరేకినేం కాదు. కానీ ఒక గంట ఆర్పితే నిజంగా ఏమైనా మిగులుతుందా? ఆర్పనివాళ్ళని దొంగల్లా చూడటం న్యాయమేనా? మీ దగ్గర ఎలా జరిగింది?

#2 తిక్కశంకరుడు
ఆ ఫొటో తీసినాయన ఫ్లాష్ వాడాడా లేదా? కేసంతా దాని మీదే ఆధారపడి ఉంది.

#3 సూటిమాట
ఏమీ మిగలదు. ఏడాది పొడుగునా ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని దుప్పటి ముసుగేసేవాళ్ళకి ఒక గంట పుణ్యం కావాలి, అంతే. ఖర్చు లేని పుణ్యం, ఫొటోకీ బాగుంటుంది.

నాకు ఇంకో అభ్యంతరం కూడా ఉంది. చీకటంటే మంచితనం, వెలుతురంటే తప్పు అన్నట్టు చూపించడం నాకు నచ్చదు. రాస్ మెకిట్రిక్ అనే కెనడా ఆర్థికవేత్త 2009లోనే ఈ మాట అన్నాడు. ఆడవాళ్ళని ఇంటి చాకిరీ నుంచి బయటపడేసింది చవకగా దొరికిన కరెంటే, దాన్ని దెయ్యంలా చూపించే కార్యక్రమం నాకు గిట్టదని. అదే ఏడాది నుంచి అమెరికాలో ఒక సంస్థ సరిగ్గా అదే గంటకి 'హ్యూమన్ అచీవ్‌మెంట్ అవర్' అని పేరు పెట్టి, కావాలని లైట్లు వేసుకుని కూర్చోమంది. నేను అంత దూరం వెళ్ళను గానీ, ఆర్పడం మాత్రం ఆర్పను.

#4 హరితవనం
@సూటిమాట, యూనిట్లు మిగల్చడానికని మీకు ఎవరు చెప్పారు? 2007 మార్చి 31న సిడ్నీలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ప్రకృతి సంరక్షణ సంస్థ) ఆస్ట్రేలియా శాఖ వాళ్ళు మొదలుపెట్టినప్పటి నుంచీ ఇది ఒక గుర్తు. ఇంతమంది ఒకే మాట మీద ఉన్నారని పాలకులకి కనపడేలా చెయ్యడం. 2008కల్లా వేరే దేశాలకి పాకింది. 2011లో లోగోలో 60 (అంటే అరవై నిమిషాలు) పక్కన ప్లస్ గుర్తు పెట్టారు, గంట అయ్యాక ఏం చేస్తారన్నది ముఖ్యమని చెప్పడానికే.

రష్యాలో 2012లో ఈ కార్యక్రమం పేరు మీద లక్షకి పైగా సంతకాలు సేకరించారు. సముద్రంలో చమురు కాలుష్యం మీద చట్టం తేవడానికి ఆ ఒత్తిడి పనికొచ్చింది. దాన్ని యూనిట్లలో ఎలా కొలుస్తారు?

గుండ్రాలు చుట్టడం మాత్రం చెత్త పని. మేం వలంటీర్లకి మొట్టమొదట చెప్పే మాటే, ఆర్పమని అడగండి, ఆర్పలేదేమని అడగొద్దు అని. @చిట్టిగువ్వ, చదువుకునే పిల్ల గదిలో లైటు ఆర్పమని ఎవరూ అనరు. అన్నవాళ్ళకి ఈ కార్యక్రమం సంగతి తెలియదు.

#5 సూటిమాట
గుర్తే అయితే చేతికి రిబ్బన్ కట్టుకున్నా సరిపోతుంది కదా.

#6 లెక్కలమాస్టారు
వాదన కంటే ముందు లెక్క వేద్దాం.

ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఐదు ఉన్నాయనుకోండి. గంట ఆర్పితే 45 వాట్ అవర్లు. యూనిట్‌లో ఇరవయ్యో వంతు కూడా కాదు. టన్నున్నర ఏసీ గట్టిగా తిరిగితే గంటకి యూనిట్‌కి పైనే తాగుతుంది. అంటే ఏసీ ఒక గంట కట్టేస్తే ఈ ఐదు బల్బుల ఎర్త్ అవర్లు పాతిక పైచిలుకు ఒక్కసారే అయిపోయినట్టు.

2007లో సంగతి వేరు. అప్పట్లో చాలా ఇళ్ళలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బులే. అవే ఐదు ఆర్పితే 300 వాట్ అవర్లు. బల్బు బాగుపడేకొద్దీ ఈ గంట చిక్కిపోతూ వచ్చింది. ఇది సంతోషించాల్సిన విషయమే, కానీ ఎవరూ పోస్టర్ మీద వేయరు.

ఇక లైట్లు ఆర్పి వెలిగించే కొవ్వొత్తులు. మైనం పెట్రోలియం నుంచి వచ్చేదే. మామూలు కొవ్వొత్తి గంటకి ఆరు గ్రాముల మైనం కాలుస్తుందనుకుంటే, దాదాపు పద్దెనిమిది గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పూర్తిగా బొగ్గు కరెంటే అనుకున్నా (యూనిట్‌కి సుమారు కిలో), 9 వాట్ల బల్బు గంటకి వదిలేది తొమ్మిది గ్రాములు. వెలుతురు చూస్తే బల్బుది కొవ్వొత్తికి అరవై రెట్ల పైన ఉంటుంది. కాబట్టి ఆర్పేవాళ్ళు ఆర్పండి, ఆర్పి కొవ్వొత్తి మాత్రం వెలిగించకండి.

#7 వానకోయిల
మా ఆయన ప్రతి ఏడాదీ ఆ గంటలో టేబుల్ మీద వరసగా కొవ్వొత్తులు పెడతారు. మాస్టారి పోస్టు పంపించాను. చదివి, "మరి చీకట్లో నీ మొహం ఎలా కనిపిస్తుంది?" అన్నారు. పర్యావరణం ఓడిపోయింది.

#8 తిక్కశంకరుడు
మాస్టారు మొత్తానికి పెళ్ళిరోజులన్నిటినీ కాలుష్య నియంత్రణ మండలి కిందికి తెచ్చేశారు.

#9 గ్రిడ్‌మామ
లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో, అంటే వాడకానికి తగ్గట్టు కరెంటు ఉత్పత్తిని సర్దే చోట, పనిచేసినవాణ్ణి. ఈ గంటని మేం ఎలా చూస్తామో చెప్తాను.

కరెంటు ఎప్పటికప్పుడు ఎంత వాడితే అంత తయారుచెయ్యాలి. వాడకం తగ్గితే ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, మనకి 50 దగ్గర ఉండాలి) పెరుగుతుంది, వెంటనే ఉత్పత్తి తగ్గించాలి. అందరూ అనుకునేది ఏంటంటే, ఇళ్ళల్లో లైట్లు ఆరగానే ఎక్కడో బొగ్గు మండటం ఆగుతుందని. బొగ్గు ప్లాంటుని గంట కోసం ఎవరూ ఆపరు. ఆపితే మళ్ళీ తిప్పడానికి గంటలు పడుతుంది, ఆయిల్ తగలెయ్యాలి. కాస్త లోడ్ తగ్గిస్తాం, అంతే. తక్కువ లోడ్‌లో నడిస్తే ఒక్కో యూనిట్ కరెంటుకి బొగ్గు ఎక్కువే తింటుంది. ముందు మా చెయ్యి వెళ్ళేది జలవిద్యుత్ మీదికి. గేటు దించితే నిమిషాల్లో తగ్గుతుంది.

అయితే "ఏమీ మిగలదు" అన్న #3 మాట కూడా పూర్తిగా నిజం కాదు. తగ్గించిన జలవిద్యుత్ తాలూకు నీళ్ళు రిజర్వాయర్‌లోనే ఉంటాయి. రేపు పీక్ అవర్లో, అంటే వాడకం బాగా ఎక్కువుండే వేళ, వాడుకుంటాం, అప్పుడు ఆ మేరకి బొగ్గు తగ్గుతుంది. మిగిలేది కొంచెమే, అది కూడా ఆ రాత్రే కనపడదు.

పెద్ద ఎత్తున ఆర్పితే ఏమవుతుందో మన దేశంలో ఒకసారి చూశాం. అది పర్యావరణం కోసం కాదు, 2020 ఏప్రిల్ 5న కరోనా సమయంలో రాత్రి 9 గంటలకి తొమ్మిది నిమిషాలు. 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా వేసుకుని సిద్ధపడ్డాం. తీరా తగ్గింది 31 వేల మెగావాట్ల పైనే. అందులో 17 వేల మెగావాట్ల పైచిలుకు జలవిద్యుత్ ఒక్కటే తగ్గి సర్దుకుంది. ఫ్రీక్వెన్సీ 49.7, 50.26 మధ్యే నిలబడింది. ఆ రాత్రి కంట్రోల్ రూమ్‌లో ఎవరూ దీపాలు చూళ్ళేదు, అందరి కళ్ళూ స్క్రీన్ మీదే. దానితో పోలిస్తే ఎర్త్ అవర్ మాకు మామూలు డ్యూటీ.

#10 సూటిమాట
సరే మామా, ఆ "కొంచెం" ఎంత?

#11 లెక్కలమాస్టారు
@సూటిమాట, దీని మీద 2014లో ఒక అధ్యయనం వచ్చింది. పది దేశాల్లో ఆరేళ్ళ లెక్కలు, 274 కొలతలు తీసుకున్నారు. సగటున ఆ గంటలో వాడకం 4% తగ్గింది. కెనడాలో ఒకచోట 28% పడిపోయింది, న్యూజిలాండ్‌లో ఒకచోట 2% పెరిగింది. పెరగడం ఏంటని అడక్కండి, ఆ రోజు చలి ఎక్కువైతే చాలు, హీటర్ల లోడ్ లైట్ల లెక్కని మింగేస్తుంది.

ఏడాదిలో 8,760 గంటలు. ఒక గంటలో 4% అంటే ఏడాది వాడకంలో లక్షో వంతులో సగం కూడా రాదు.

#12 సూటిమాట
థాంక్స్. తాళం వేసేయొచ్చు ఈ థ్రెడ్‌కి.

#13 హరితవనం
వేయకండి. అదే అధ్యయనాన్ని ఇంకోలా చదవొచ్చు. జరిమానా లేదు, బిల్లు పెరగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఉత్త మాట మీద లక్షల మంది ఒకే గంటలో స్విచ్ దగ్గరికి వెళ్ళారు. మనుషులు కదులుతారు అన్నదానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

#14 పాతరేడియో
కదిలినవాళ్ళు 9:31కి మళ్ళీ స్విచ్ దగ్గరికే వెళ్ళారు కదండీ.

మా వైపు సంగతి వేరు. కరెంటు అడక్కుండానే పోతుంది. ఆ గంటకి పేరు లేదు, లోగో లేదు, ఎవరూ సెల్ఫీ తీసుకోరు. ఎర్త్ అవర్ రోజు టీవీలో పెద్ద పెద్ద కట్టడాలు చీకటిగా చూపిస్తున్నారని విని, చూద్దామంటే మాకు కరెంటు లేదు. హేళన చెయ్యట్లేదు. స్విచ్ తన చేతిలో ఉన్నవాడే కదా దాన్ని ఆర్పి మెప్పు పొందగలిగేది. మిగతావాళ్ళకి ఇది ఎవరింట్లోనో పండగలాగే ఉంటుంది.

#15 నైట్‌షిఫ్ట్_నర్సు
@పాతరేడియో మాటకి నా ఓటు.

అసోసియేషన్ల వాళ్ళు ఇది చదువుతుంటే దయచేసి వినండి. కారిడార్ లైట్లు, మెట్ల లైట్లు ఆర్పకండి. ఎర్త్ అవర్ రాత్రి మెట్ల మీద జారి తుంటి విరిగిన పెద్దావిడని చూశాను. కింద ఎవరో గిటారు వాయిస్తున్నారట, అది వినడానికి దిగుతోంది పాపం. కొన్ని ఇళ్ళలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ల మీద ఉన్నవాళ్ళుంటారు. "అందరం కలిసి మెయిన్ ఆపేద్దాం" అని ఉత్సాహపడేవాళ్ళకి ఇది తట్టదు. వీధి లైట్లు కూడా అంతే. ఆ గంటలో డ్యూటీకి నడిచివెళ్ళే ఆడవాళ్ళని ఒక్కసారి అడిగి చూడండి.

#16 హరితవనం
రక్షణకి కావాల్సిన లైట్లు ఆర్పొద్దని నిర్వాహకులు మొదటి నుంచీ చెప్తూనే ఉన్నారు. అత్యవసరం కానివే ఆర్పమన్నారు.

#17 నైట్‌షిఫ్ట్_నర్సు
వాళ్ళు చెప్పారు సరే, మా సెక్రటరీకి చేరాలిగా.

#18 మిణుగురు
అందరూ యూనిట్లు, కార్బన్ దగ్గరే ఆగిపోయారు. లైటు వల్ల నష్టం కరెంటు ఒక్కటే కాదండీ.

నేను ఆకాశం చూసే పిచ్చివాణ్ణి. 2023లో ఒక పరిశోధన వచ్చింది. 2011 నుంచి 2022 దాకా ప్రపంచమంతా మామూలు జనం కంటితో చూసి నమోదు చేసిన నక్షత్రాల లెక్కలు పోగేశారు. రాత్రి ఆకాశం ఏటా సగటున 9.6% ప్రకాశవంతం అవుతోందని తేలింది. ఆ లెక్కన ఎనిమిదేళ్ళు తిరక్కుండానే రెట్టింపు. 250 నక్షత్రాలు కనిపించే చోట పుట్టిన పిల్లకి పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి కనిపించేవి వంద. @లెక్కలమాస్టారు సంతోషించమన్న ఎల్‌ఈడీలకి ఇందులో వాటా ఉంది. చవకయ్యేసరికి ఒకటి ఉన్నచోట నాలుగు పెట్టాం. వాటి నీలి వెలుతురు గాలిలో ఎక్కువగా చెదిరిపోతుంది.

పక్షుల సంగతి ఇంకా ఘోరం. రాత్రిపూట వలస పోయే పక్షులు వెలుతురుకి ఆకర్షితమై దారి తప్పి అద్దాలకి గుద్దుకుంటాయి. షికాగోలో సరస్సు ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ అనే కన్వెన్షన్ సెంటర్ ఉంది. 2023 అక్టోబర్ 5న తెల్లారేసరికి దాని గోడల కింద దాదాపు వెయ్యి పక్షులు చచ్చిపడి ఉన్నాయి. ఒక్క రాత్రిలో, ఒక్క భవనం దగ్గర. అదే భవనం మీద అంతకుముందు 2021లో వచ్చిన అధ్యయనం ఏం చెప్పిందో తెలుసా? వెలిగే కిటికీలని అక్కడ అంతవరకు నమోదైన కనిష్ఠ స్థాయికి తగ్గిస్తే చావులు సుమారు 60% తగ్గుతాయని. చెప్పిన రెండేళ్ళకి వెయ్యి పక్షులు పోయాయి. 2024లో పక్షులకి అద్దం ఉందని తెలిసేలా దాని మీద చుక్కల ఫిల్మ్ అంటించారు.

ఆర్పితే లాభం ఆ రాత్రే కనిపించే చోటు ఇదొక్కటే. కార్బన్‌లా ఎక్కడో లెక్కల్లో కాదు.

#19 తిక్కశంకరుడు
మిణుగురు అన్న పేరు పెట్టుకుని లైటు ఆర్పమంటున్నారు. సొంత జాతికి ద్రోహం.

#20 మిణుగురు
మాది చల్లటి వెలుతురు బాబూ, అవసరానికే వెలిగించి ఆర్పేస్తాం. ముందు మా నుంచి నేర్చుకోండి.

#21 సూటిమాట
పక్షుల మాట ఒప్పుకుంటా. కానీ పక్షి వలస మార్చి నెలాఖరు శనివారం 8:30కి మొదలై 9:30కి ముగియదు కదా. వారాల తరబడి రాత్రంతా ఆర్పాలి. దానికి కావాల్సింది రూల్, పండగ కాదు.

ఫ్రాన్స్‌లో 2013 జూలై నుంచి రూల్ ఉంది. షాపుల అద్దాల వెనక లైట్లు రాత్రి ఒంటిగంట నుంచి ఉదయం ఏడు దాకా ఆరిపోవాలి. ఆఫీసుల్లో ఆఖరి మనిషి వెళ్ళిన గంటలోపు ఆర్పాలి. జర్మనీలో 2022 సెప్టెంబర్ నుంచి 2023 ఏప్రిల్ దాకా గ్యాస్ కరువు పుణ్యమా అని స్మారక కట్టడాల మీద లైట్లు నిషేధించారు. ఈఫిల్ టవర్ అదే నెల నుంచి ఒంటిగంటకి కాకుండా 11:45కే ఆరడం మొదలైంది. ఎవరూ గిటారు వాయించలేదు. పని జరిగింది.

#22 హరితవనం
ఆ ఫ్రాన్స్ కథకి మొదటి భాగం మీరు వదిలేశారు. సిడ్నీ కంటే ముందే, 2007 ఫిబ్రవరి 1న అక్కడి పర్యావరణ సంఘాలు రాత్రి 7:55 నుంచి ఐదు నిమిషాలు లైట్లు ఆర్పమని పిలుపిచ్చాయి. ఈఫిల్ టవర్ కూడా ఆరింది. దేశం మొత్తం మీద 800 మెగావాట్లు తగ్గింది, సుమారు ఒక శాతం. అప్పుడూ మీలాంటివాళ్ళు నవ్వారు. ఆరేళ్ళకి రూల్ వచ్చింది. జనం ముందు మాట్లాడుకోకుండా అధికారులు నిద్రలేచి రూల్ రాస్తారా?

#23 సూటిమాట
ముందు అది జరిగింది, తర్వాత ఇది జరిగింది. అంతమాత్రాన దానివల్లే ఇది అంటే ఎలా? 2022లో ఆర్పించింది గ్యాస్ రేటు, మీ ఐదు నిమిషాలు కాదు.

#24 హరితవనం
2013లో గ్యాస్ కరువు లేదే.

#25 పాతరేడియో
ఇద్దరూ చెరో సంవత్సరం పట్టుకున్నారు.

#26 బడిపంతులమ్మ
మా బడిలో ఎర్త్ అవర్ పోస్టర్ పోటీలు, ప్రతిజ్ఞలు ఉండేవి. నాకు ప్రతిజ్ఞలు చిరాకు. దానికి బదులు పిల్లల్ని ఆ గంట ముందు, తర్వాత ఇంటి మీటర్ రీడింగ్ రాసుకురమ్మన్నాను. ఆదివారం అదే సమయానికి లైట్లు వేసి ఇంకోసారి.

చాలామందికి రెండు రోజులకీ తేడానే కనపడలేదు. ఒక అబ్బాయికి ఆర్పిన రోజే ఎక్కువ వచ్చింది. ఎందుకా అని ఆరా తీస్తే, చీకట్లో తోచక ఇంట్లో అందరూ ఏసీ గదిలో చేరారట. ఇంకో పిల్ల, లైట్లు ఆర్పినా మీటర్ తిరుగుతూనే ఉందేంటని ఇల్లంతా వెతికింది. గీజర్ స్విచ్ పొద్దున్నుంచి వేసే ఉంది. వాళ్ళ నాన్నకి ఆ రాత్రి బాగానే తలంటిందట.

అందుకే @సూటిమాట అన్నట్టు తీసిపారేయలేను, @హరితవనం అన్నట్టు పొంగిపోలేను. ఆ గంట లేకపోతే పిల్లలు మీటర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళే కాదు.

#27 గ్రిడ్‌మామ
ఆ గీజర్ పిల్లని మా సెంటర్‌కి పంపండి, ఉద్యోగం ఇప్పిస్తాం.

సీరియస్‌గా చెప్పాలంటే మాకు ఒక గంట చీకటి కంటే, ప్రతి సాయంత్రం పీక్‌లో గీజర్లు, వాషింగ్ మెషిన్లు, మోటార్లు వేరే వేళకి జరిపితే ఎంతో మేలు. అలా చెయ్యమంటే మాత్రం ఎవరూ గ్రూపులో ఫొటోలు పెట్టరు.

#28 చిట్టిగువ్వ
ఇన్ని పోస్టులు వస్తాయనుకోలేదు. #6, #18 రెండూ మా గ్రూపులో పెట్టాను. ఫొటో తీసినాయన నుంచి జవాబు లేదు. సెక్రటరీ గారు మాత్రం ఫ్లడ్‌లైట్ సెక్యూరిటీ కోసమని, ఆర్పడం కుదరదని అన్నారు. అది సగం ఎదుటి బిల్డింగ్ మూడో అంతస్తు మీద పడుతోంది, అక్కడేం సెక్యూరిటీయో!

#29 మిణుగురు
ఆర్పమనకండి, వంచమనండి. మొహం నేలకి తిప్పి, పైన చిన్న రేకు కట్టిస్తే చాలు. వెలుతురు కావాల్సిన చోటే పడుతుంది, తక్కువ వాట్లు సరిపోతాయి. తెల్లది తీసి పసుపు రంగుది పెడితే ఇంకా మంచిది. మనిషి కదిలితేనే వెలిగే సెన్సర్ అయితే వాచ్‌మన్‌కి కూడా ఎవరో వచ్చారని తెలుస్తుంది. సెక్రటరీల దగ్గర పర్యావరణం కంటే ఈ చివరి మాట బాగా పనిచేస్తుంది.

#30 వానకోయిల
మా సెక్రటరీ దగ్గర బిల్లు అన్న మాట పనిచేస్తుంది. ఇంకేదీ పనిచేయదు.

#31 మోడరేటర్
ఫ్రాన్స్ గురించి #23 తర్వాత వచ్చిన వ్యక్తిగత దూషణలు తీసేశాను. విషయం మీద ఎంత గట్టిగానైనా కొట్టుకోండి. మనిషి మీద వద్దు.

#32 కొత్తసభ్యుడు_రవ్వంత
పైవన్నీ చదవలేదు, సారీ. వచ్చేసారి మా ఇంట్లో కూడా చేద్దామనుకుంటున్నాం. మెయిన్ ఆపేస్తే సరిపోతుందా? 9:30కి అందరూ ఒక్కసారే వేస్తే ఫ్రిజ్, టీవీ కాలిపోతాయని ఎవరో భయపెట్టారు, టెన్షన్‌గా ఉంది.

#33 గ్రిడ్‌మామ
#9 చదువు తమ్ముడూ, 31 వేల మెగావాట్లు పోయి మళ్ళీ వచ్చినా గ్రిడ్ తట్టుకుంది. మీ వీధికేం కాదు. మెయిన్ మాత్రం ముట్టుకోవద్దు. ఫ్రిజ్ ఆపడం వల్ల కూడా పెద్దగా మిగలదు, వెచ్చబడ్డాక మళ్ళీ చల్లబరచడానికి ఆ కరెంటు తాగేస్తుంది. గదుల్లో లైట్ల స్విచ్‌లు ఆర్పితే చాలు. ఇన్వర్టర్ లైట్లు వేసుకుని ఆర్పామని మాత్రం అనకు, బ్యాటరీ నింపేది కూడా మా కరెంటే.

#34 తిక్కశంకరుడు
@కొత్తసభ్యుడు_రవ్వంత, లైట్లు ఆర్పాక ఒకసారి గీజర్ కూడా చూసుకో.